ఊరి గ్రంథాలయంలో విత్తనాల బీరువా: ఇచ్చినవి తిరిగి రావడం లేదు, వచ్చినవి మొలవడం లేదు

గ్రంథాలయమిత్ర
జనగామ జిల్లా, జూన్ 2

సభ్యులందరికీ నమస్కారం. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన తరువాత నేను మా ఊరి పఠన మందిరాన్ని చూసుకుంటున్నాను. ఉదయం పూట పత్రికలు చదవడానికి పదిమంది పెద్దలు, సాయంత్రం పోటీ పరీక్షలకు చదువుకొనే నలుగురైదుగురు పిల్లలు తప్ప అక్కడికి వచ్చేవారు లేరు. పోయిన ఏరువాకకు ముందు, ఖాళీగా పడి ఉన్న ఇనుప బీరువాలో విత్తనాలు పెట్టి, పుస్తకాలు ఇచ్చినట్లే పద్దు రాసుకొని అరువు ఇద్దామన్న ఆలోచన వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి 22 రకాలు సేకరించాను. పచ్చజొన్న, రెండు రకాల కంది, కొర్ర, అనుములు, బొబ్బర్లు, నువ్వులు, సొర, బీర, వంగ, గోంగూర, ఇలాంటివి. అన్నిటినీ గాజు సీసాల్లో పోసి, పేర్లు రాసి, వచ్చినవారికి కనిపించేలా కిటికీ పక్కన వరుసగా పేర్చాను. తీసుకున్నవారు పంట వచ్చాక రెండింతలు తిరిగి ఇవ్వాలన్నది నియమం.

ఏడాది గడిచింది. 41 మంది తీసుకుంటే 13 మంది తిరిగి ఇచ్చారు. వారు ఇచ్చిన కందులను సీసాలో పోసి మూత బిగించాను. ఉగాది తరువాత తీసి చూస్తే అడుగున పిండి, గింజ గింజకూ గుండ్రని రంధ్రం, గాజు మీద పాకుతున్న పురుగులు. సొర విత్తనం తీసుకొన్న ఇద్దరు తమ కాయలు చేదుగా వచ్చాయని నన్ను దారిలో ఆపి మరీ చెప్పారు. వీటన్నిటికంటే నన్ను బాధించినది పచ్చజొన్న. మా వాడకట్టులో ఒక అవ్వ దగ్గర మాత్రమే ఉండగా అడిగి తెచ్చి, ఉన్న రెండు సోలలూ ఆరుగురికి పంచాను. ఇద్దరు విత్తలేదు, ఇద్దరి చేలో పిట్టలు తినేశాయి, మిగిలిన ఇద్దరు కోసి రొట్టెలు చేసుకున్నారు. సీసా ఖాళీగా ఉంది.

ఈ ఏడాది మళ్లీ మొదలుపెట్టాలా, పెడితే ఏయే పంటలు పెట్టాలి, తిరిగి రప్పించుకోవడం ఎలా, వచ్చిన దాని నాణ్యత చూడడం ఎలా అన్నవి నా సందేహాలు. అనుభవజ్ఞులు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

నల్లరేగడి
సంగారెడ్డి జిల్లా, జూన్ 2

మాష్టారూ, మీ శ్రమకు నమస్కారం. కాని మీరు పుస్తకాల పద్ధతిని విత్తనాలకు పెట్టారు. పుస్తకం ఎవరింటికి పోయినా అదే పుస్తకంగా తిరిగి వస్తుంది. విత్తనం మాత్రం వారి చేను ఎలాంటిదో, కల్లం ఎలాంటిదో, గంప ఎలాంటిదో అన్నీ తనలో కలుపుకొని తిరిగి వస్తుంది. ఇచ్చే ముందు ఆ మూడూ మీకు తెలిసి ఉండాలి.

మా జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తున్నది. దాని మహిళా సంఘాల్లో అత్యధికులు దళిత స్త్రీలు, చాలామందికి ఉన్నది ఒకటి రెండు ఎకరాల మెట్ట. వారి ఇళ్లలో విత్తనం సీసాల్లో ఉండదు. వెదురు గంపను లోపలా బయటా పేడతో అలికి, ఎండబెట్టి, అడుగున వేపాకు పరిచి, బూడిద కలిపిన విత్తనం పోసి, మళ్లీ వేపాకు కప్పి, పైన మట్టితోనో పేడతోనో మూత అలుకుతారు. మళ్లీ ఏరువాకకు గాని ఆ మూత పగలదు. మీ సీసాను రోజుకు నాలుగు సార్లు తెరిచి వచ్చినవారికి చూపించి ఉంటారు, అవునా?

అక్కడ ఇచ్చిపుచ్చుకోవడం నాగు పద్ధతిలోనే సాగుతుంది. ఒక మానిక తీసుకుంటే రెండు మానికలు కొలుస్తారు. అయితే తీసుకునే మనిషి ఎవరో, ఏ దిక్కున ఆమె చెలక ఉందో, పోయినసారి కంది ఎలా కాసిందో ఇచ్చే మనిషికి ముందే తెలుసు. ఏటా సంక్రాంతి నుంచి సుమారు నెల రోజులపాటు ఎడ్లబండ్లను అలంకరించి, వాటిలో విత్తనాల గంపలు పెట్టుకొని ఊరూరా తిరిగే పాత పంటల జాతర కూడా కేవలం వేడుక కాదు. ఏ ఊళ్లో ఏ రకం తగ్గింది, ఎవరి దగ్గర మిగిలింది అన్న లెక్క ఆ బండ్ల దగ్గరే తేలుతుంది. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చినప్పుడు పత్రికలన్నీ రాశాయి గాని, ఈ లెక్క గురించి రాసినవారు తక్కువ.

విత్తనశాస్త్రి
రాజేంద్రనగర్, జూన్ 3

నేను విత్తన పరీక్షల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. మాష్టారు రాసిన దానిలో నాకు వెంటనే కనిపించినవి రెండు తప్పులు. ఒకటి కిటికీ, రెండోది సీసా మూత.

విత్తనం ప్రాణంతో ఉన్న వస్తువు, అది నెమ్మదిగా శ్వాసిస్తూనే ఉంటుంది. తేమ, వేడి పెరిగితే ఆ శ్వాస వేగం పెరిగి, లోపల దాచుకున్న బలం త్వరగా ఖర్చయిపోతుంది. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు అవుతుందనీ, నిల్వచేసే చోటు ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా అలాగే రెట్టింపు అవుతుందనీ హారింగ్టన్ అనే శాస్త్రవేత్త చెప్పిన మోటు లెక్క ఒకటి ఉంది. తేమ 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నప్పుడు అది చాలావరకు వర్తిస్తుంది. మన వేసవిలో ఇనుప బీరువా, అందులోనూ రేకుల కప్పు కింద ఉన్నదైతే, మధ్యాహ్నం వేళ దానిపై చేయి పెట్టలేము. కిటికీ ఎండ నేరుగా పడే గాజు సీసా అంతకంటే ఘోరం.

ఇక మూత సంగతి. బాగా ఆరిన విత్తనానికి గాలి చొరని సీసా ఎంత మేలో, ఆరని విత్తనానికి అంత కీడు. లోపలి తేమకు బయటికి దారి ఉండదు. పప్పుధాన్యాలను 9 శాతం తేమకు, వరిని 13 శాతానికి తెచ్చిన తరువాతే మామూలు సంచుల్లో నిల్వ చేయాలి. గాలి చొరని పాత్రలో పోయాలంటే ఇంకా బాగా ఆరాలి. తేమ కొలిచే యంత్రం లేకపోతే పళ్లున్నాయి. కంది గింజను కొరికితే పటుక్కున రెండుగా పగలాలి. పంటికి మెత్తగా దిగి నొక్కు పడితే ఇంకా రెండు ఎండలు కావాలని అర్థం.

పుచ్చు పురుగు గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి చెబుతాను. అది మీ సీసాలో పుట్టలేదు. కంది చేలో ఉండగానే తల్లిపురుగు కాయ మీద గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు గింజలోకి తొలుచుకొని పోతుంది, పైకి ఏమీ కనిపించదు. అందుకే మంచి గింజలని ఏరి ఇచ్చినవి కూడా మూడు నెలలకు పిండి అవుతాయి. కల్లం నుంచి రాగానే గట్టి ఎండలో పలుచగా పరిచి, ఆ వేడి చల్లారాక పోసుకోవాలి. ఆ తరువాత బూడిద కలపడం, కొద్దిగా ఆముదం పట్టించడం, ఎర్రమట్టి పట్టించి ఆరబెట్టడం వంటి మన పాత పద్ధతులన్నీ ఒకే పని చేస్తాయి. పురుగు గింజల మధ్య తిరగలేదు, గుడ్డు గింజకు అతుక్కోదు.

మిద్దెతోట
హైదరాబాదు, జూన్ 3

మాష్టారి చేదు సొర గురించి రాయాలనిపించింది, ఎందుకంటే ఇలాంటి దెబ్బ నేనూ తిన్నాను. మా మిద్దె మీద పొడుగు సొర ఒక తొట్టిలో, పక్కింటివారి మేడ మీద గుండ్రని సొర ఒక పందిరి. నా పొడుగు సొర విత్తనాన్ని జాగ్రత్తగా కట్టి, పొట్లాలు చేసి, మా మిద్దెతోటల బృందంలో పద్దెనిమిది మందికి తపాలాలో పంపాను. మరుసటి ఏడాది వారు పంపిన ఫోటోలు చూస్తే కొన్ని పొడుగు, కొన్ని గుండ్రం, కొన్ని మెడ వంగిన కూజాల్లా ఉన్నాయి. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాను.

సొర, బీర, కాకర, గుమ్మడి వంటి పాదులన్నిటికీ మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తేనెటీగకో రాత్రి ఎగిరే చిమ్మటకో పక్కింటి పందిరి పరాయిది కాదు. ఇప్పుడు నేను చేస్తున్న పని ఇది. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. అందుకే మధ్యాహ్నం నాలుగింటికే మిద్దె ఎక్కి, ఆ రోజు విచ్చుకోబోయే తెల్లని ఆడమొగ్గను గుర్తుపడతాను. దాని వెనుక చిటికెన వేలంత నూగు పిందె ఉంటుంది. ఆ మొగ్గ కొసను, రెండు మగమొగ్గల కొసలను దారంతో వదులుగా కడతాను. చీకటి పడేవేళ మగపువ్వును తుంచి, రేకులు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వులోని కీలాగ్రానికి అద్ది, మళ్లీ కట్టేస్తాను. పిందె తొడిమకు ఎర్ర ఊలు దారం ఒకటి చుడతాను. ఆ దారం ఉన్న కాయను మా ఇంట్లో ఎవరూ కూరకు కోయరు. ఊపితే గింజలు గలగలమనే దాకా తీగ మీదే వదిలేస్తాం.

ఇంత ఓపిక లేనివారు చిక్కుడు, టమాటా, పెసర, మినుము వంటి వాటితో మొదలుపెట్టడం మేలు. వాటి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉండి, చాలావరకు తమలో తామే ఫలదీకరణ చెందుతాయి కాబట్టి కొత్తవారి చేతిలో కూడా రకం చెడిపోదు.

విత్తనశాస్త్రి
జూన్ 3

అమ్మ గారు చెప్పినది అక్షరాలా సరైనది. చేదు విషయంలో ఒక హెచ్చరిక మాత్రం చేర్చాలి. సొరలో చేదుకు కారణం కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు. చేదు సొరను, ముఖ్యంగా రసం తీసుకొని తాగితే, వాంతులు, రక్త విరేచనాలు అయి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. కాబట్టి మాష్టారూ, ఆ సొర విత్తనం మీ దగ్గర మిగిలి ఉంటే ఎవరికీ ఇవ్వకుండా కాల్చివేయండి. ఇకమీదట విత్తనానికి వదిలే పాదు నుంచి లేతకాయ ఒకటి ముందే కోసి, చిన్న ముక్కను నాలుకకు తాకించి ఉమ్మివేసి, చేదు లేదని తేలాకే ఆ పాదును విత్తనానికి ఎంచుకోవాలి.

గ్రంథాలయమిత్ర
జూన్ 4

సొర సీసా ఈ ఉదయమే పొయ్యి పాలు చేశాను. బీరువాను కిటికీ దగ్గర నుంచి జరిపించాను గాని, మా మందిరానికి ఉన్నది సిమెంటు రేకుల కప్పే. అది మార్చడం నా చేతిలో లేదు.

మెట్టరైతు
అనంతపురం జిల్లా, జూన్ 4

పెద్దలు నన్ను మన్నించాలి, ఈ చర్చ అంతా పెరటి తోటల చుట్టూనే తిరుగుతున్నది. మా ప్రాంతంలో వేరుశనగ విత్తాలంటే ఎకరాకు 60 నుంచి 75 కిలోల పప్పు కావాలి. పది ఎకరాల రైతుకు ఎంత కావాలో మీరే లెక్క వేయండి. ఏ బీరువా, ఏ గ్రంథాలయం దాన్ని మోస్తుంది? పైగా వేరుశనగ కాయతోనే నిల్వ ఉండాలి, విత్తే ముందే ఒలవాలి, ఒక ఏడాది దాటితే మొలక పడిపోతుంది. అందుకే మా దగ్గర యాసంగిలో బోరు కింద పండించినవారి కాయను తొలకరికి విత్తనంగా కొంటాం. అది డబ్బు వ్యవహారం. రాయితీ విత్తనం కోసం తెల్లవారక ముందే వరుసలో చెప్పులు పెట్టి నిలబడిన మనిషికి విత్తనం పంచుకోవడం గురించి ఉపన్యాసం ఇస్తే నవ్వుతాడు.

కాని కొర్ర సంగతి వేరు, ఈ మాట నేనే ఒప్పుకుంటాను. రెండు కిలోల కొర్ర ఉంటే ఎకరా విత్తవచ్చు. ఆ ఎకరాలో వచ్చే పంట మధ్యస్థంగా ఉన్నా, ఊరందరికీ సరిపడా విత్తనం అందులోనే ఉంటుంది. మా తండ్రి గారి కాలంలో వేరుశనగ మధ్య కొర్ర, కంది, అలసంద సాళ్లు ఉండేవి. ఆ సాళ్ల విత్తనం ఎవరూ కొన్నట్లు నాకు గుర్తు లేదు, మా అమ్మ ఉట్టి మీది కుండలో ఉండేది. ఏ పంటకైనా ఎకరానికి ఎంత విత్తనం పడుతుందో చూసి, అరచేతిలో పట్టేంతటితో మొదలయ్యే వాటినే బీరువాలో పెట్టాలని నా సలహా. సామ, కొర్ర, నువ్వు, రాగి, కూరగాయలు పెట్టండి. వేరుశనగ, శనగ, వరి మీ తలకు ఎత్తుకోవద్దు.

ఇంకొక ప్రశ్న కూడా అడుగుతున్నాను. కరువు వచ్చి చేను ఎండిపోయిన ఏడాది ఆ రెండింతలు ఎక్కడి నుంచి తెస్తాడు?

నల్లరేగడి
జూన్ 4

అన్నగారి ప్రశ్న న్యాయమైనదే. పెద్ద నాగుకు పాత రోజుల్లో మంచి పేరు లేదు. దొరల గరిసెల నుంచి తెచ్చిన ధాన్యానికి నాగు కొలవలేక వెట్టికి పోయినవారి కథలు మా ఇళ్లలోనూ ఉన్నాయి. సంఘాల నాగు వేరు కావడానికి కారణం, గంప తీసుకున్నవారిదీ, ఇచ్చినవారిదీ కూడా. పంట పోయిన ఏడాది బాకీ మరుసటి ఏడాదికి జరుగుతుంది, పెరగదు.

తమిళనాడులో నెల్ జయరామన్ గారు కూడా దేశవాళీ వరి రకాలను ఇలాగే వ్యాప్తి చేశారు. రైతుకు రెండు కిలోలు ఇచ్చి, మరుసటి ఏడాది నాలుగు కిలోలు తెమ్మనేవారు. ఆయన 2018లో పోయారు, వరి పండుగలు మాత్రం కొనసాగుతున్నాయి. అక్కడ విత్తనం ఇచ్చే రోజు, తెచ్చే రోజు ఒకటే కావడం గమనించదగినది. ఊరంతా చూస్తుండగా తెచ్చి కొలవాలి. మాష్టారి పద్దు పుస్తకం బీరువాలో ఉంది కాబట్టి ఎవరికీ గుర్తులేదు.

చట్టరీతి
విజయవాడ, జూన్ 5

వృత్తిరీత్యా నేను వకీలును. ఈ పని చట్టబద్ధమేనా అన్న అనుమానం ఇక్కడ ఎవరూ ఎత్తలేదు గాని, నాకు వ్యక్తిగత సందేశాల్లో ఇద్దరు అడిగారు కనుక బహిరంగంగానే చెబుతాను.

మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001లో 39వ సెక్షను రైతుకు తన పంటను, అందులో విత్తనాన్ని కూడా, దాచుకొనే, వాడుకొనే, విత్తే, మళ్లీ విత్తే, మార్పిడి చేసుకొనే, పంచుకొనే, అమ్ముకొనే హక్కు ఇచ్చింది. ఆ రకం వేరొకరి పేర నమోదై రక్షణ పొందినదైనా ఈ హక్కు ఉంటుంది. ఒకే ఒక మినహాయింపు, రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో సంచి కట్టి అమ్మకూడదు. 1966 నాటి విత్తన చట్టంలో కూడా, ఒక వ్యక్తి తాను పండించిన విత్తనాన్ని తన ఇంటి వద్దనే నేరుగా వేరొకరికి విత్తుకోవడానికి ఇస్తే ఆ చట్టం వర్తించదని 24వ సెక్షను చెబుతుంది. 2019లో గుజరాత్‌లో బంగాళాదుంప రైతుల మీద పెప్సికో సంస్థ వేసిన దావాలను అదే ఏడాది వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ సందర్భంలో దేశమంతా చర్చకు వచ్చినది ఈ 39వ సెక్షనే.

అందువల్ల ఊళ్లో పంచుకోవడానికి భయపడనవసరం లేదు. అయితే మాష్టారికి రెండు సూచనలు. సంచుల మీద అచ్చు పేర్లు, ముద్రలు వేయించవద్దు. కంపెనీ హైబ్రిడ్ సంచిలో మిగిలిన గింజలు ఎవరైనా తెచ్చి ఇస్తే బీరువాలో చేర్చవద్దు. అది చట్టం కోసమే కాదు, హైబ్రిడ్ పంట నుంచి తీసిన విత్తనం మరుసటి తరంలో తల్లి పోలికలు, తండ్రి పోలికలుగా చెదిరిపోతుంది, తీసుకున్నవారు మిమ్మల్నే నిందిస్తారు. మీ ఊరి పాత రకాన్ని రైతుల రకంగా నమోదు చేయించుకొనే వీలు కూడా అదే 2001 చట్టంలో ఉంది, దానికి రుసుము లేదు.

న్యూజెర్సీ పెరడు
జూన్ 5

వకీలు గారి మాటలు చదివాక ఇక్కడి సంగతి ఒకటి రాయాలనిపించింది. అమెరికాలో చాలా ఊళ్ల ప్రజా గ్రంథాలయాల్లో, ఒకప్పుడు పుస్తకాల కార్డులు ఉండే చెక్క సొరుగుల్లోనే, విత్తనాల పొట్లాలు పెట్టి ఇస్తున్నారు. 2014లో పెన్సిల్వేనియాలోని మెకానిక్స్‌బర్గ్ పట్టణ గ్రంథాలయం ఇలా మొదలుపెడితే, రాష్ట్ర వ్యవసాయ శాఖ వారు విత్తన చట్టం ప్రకారం ప్రతి రకానికీ పరీక్షలు జరగాలని అభ్యంతరం చెప్పారు. వ్యాపారుల కోసం రాసిన చట్టాన్ని ఇరుగుపొరుగు మార్పిడికి ఎలా పెడతారని దేశమంతా గొడవ అయింది. ఆ తరువాత కొన్ని రాష్ట్రాలు చట్టాలను సవరించాయి, కాలిఫోర్నియా 2016లో ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. మన దేశంలో 1966లోనే ఆ వెసులుబాటు ఉందని ఈ రోజే తెలిసింది.

మా దగ్గర తెలుగువారి పెరళ్లలో అందరికీ కావలసింది గోంగూర. ప్రతి వేసవిలోనూ ఆకు కోసుకుంటాం, విత్తనం మాత్రం ఒక్కసారి కూడా చేతికి రాదు. చాలాకాలం నాకు కారణం తెలియలేదు. గోంగూర పగటి పొద్దు తగ్గితే గాని పూత పట్టదు. ఇక్కడ పొద్దు తగ్గే నాటికి సెప్టెంబరు వస్తుంది, పూత కాయ అయి ఎండే లోపల మంచు పడి మొక్క నల్లబడిపోతుంది. ఇప్పుడు నేను ఒక మొక్కను కుండీలో పెంచి, మంచు కురిసే ముందు ఇంట్లోకి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర పెడుతున్నాను. పోయిన ఏడాది ఏడు కాయలు వచ్చాయి. ఆ ముల్లు నూగు గుచ్చుకొని మా అమ్మాయి రెండు రోజులు వేళ్లు గోక్కుంది.

అన్నట్లు, ఇండియా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో విత్తనం తెప్పించుకొనేవారు జాగ్రత్త. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం గాని, చిన్న మొత్తాలకు ఇచ్చే ప్రత్యేక అనుమతి గాని లేకపోతే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. చెప్పకుండా తెస్తే జరిమానా కూడా పడవచ్చు.

మిద్దెతోట
జూన్ 5

ఏడు గోంగూర కాయలంటే ఏడు ఇళ్లకు చాలు. ఏడింటినీ ఒక్కరికే ఇవ్వకండి.

విత్తనశాస్త్రి
జూన్ 6

మిద్దెతోట గారు నవ్వుతూ అన్నారో లేదో గాని, మాష్టారి పచ్చజొన్న పోవడానికి అసలు కారణం ఆ మాటలోనే ఉంది. ఆయన ఆరుగురికి పంచారు, అది మంచిదే. కాని తన దగ్గర ఒక్క గింజ మిగుల్చుకోలేదు, పైగా ఆరుగురిలో ఎవరూ విత్తనం కోసం పండించలేదు.

మా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) జన్యు బ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ తదితర పంటల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. దీర్ఘకాలిక నిల్వ గదిలో మైనస్ 20 డిగ్రీల చలి ఉంటుంది. ఒక భాగం అక్కడ, ఒక భాగం వాడకానికి మరొక గదిలో, ఇంకొక భాగం సముద్రాల అవతల నార్వేలో 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారంలో ఉంటుంది. కోట్ల రూపాయల యంత్రాలు ఉన్నవారే ఒక్కచోట నమ్మరు. మీరు రేకుల కప్పు కింద ఒక్క సీసాను నమ్మారు.

అయితే నా వృత్తి వారిని కూడా నేను పూర్తిగా వెనకేసుకొని రాను. చలిగదిలో ఉన్న గింజ ఏ ఏడాది ఆగిందో ఆ ఏడాదిలోనే ఉంటుంది. చేలో ఉన్నది ఏటేటా వానను, తెగులును, రైతు చేతి ఎంపికను ఎదుర్కొంటూ మారుతుంది. ఒడిశాలో దేబల్ దేబ్ గారు వెయ్యికి పైగా దేశవాళీ వరి రకాలను ప్రతి ఏడాదీ చిన్న చిన్న మడుల్లో నాటి కోసి నిలుపుతున్నారు, అది గదిలో పెట్టి తాళం వేయడం కంటే ఎన్నో రెట్లు కష్టమైన పని.

ఊరి స్థాయిలో నేను చెప్పేది ఇది. ఒక్కో రకానికి మూడు ఇళ్లను ఎంచుకోండి. మూడూ ఒకే చెరువు కింద ఉండకూడదు, ఒకటి ఎర్ర చెలక, ఒకటి నల్లరేగడి, ఒకటి తరి అంచున ఉంటే ఏ ఏడాదీ మూడూ ఒకేసారి పోవు. విత్తనాన్ని కల్లంలో కుప్ప నుంచి తీయవద్దు, చేను నిలబడి ఉండగానే నడుస్తూ ఎంచాలి. జొన్న పూత దశలో బెరుకు మొక్కలను, అంటే పొడవులోనో కంకి తీరులోనో తేడాగా ఉన్నవాటిని, పెరికివేయాలి. వేరే జొన్న రకం నుంచి 200 మీటర్ల దూరం ఉంటే మేలు. పక్కన మొక్కజొన్న ఉన్నా భయం లేదు, రెండూ కలవవు. మంచి కంకులు కనీసం యాభై అరవై మొక్కల నుంచి తీయండి. అందంగా ఉన్నదని ఒక్క కంకి నుంచే విత్తనం కట్టడం పిల్లల పని.

బీరువాలో చేర్చే ముందు మొలక పరీక్ష తప్పనిసరి. నూరు గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనె గుడ్డ మీద వరుసగా పేర్చి, చుట్టగా చుట్టి నీడలో పెట్టి, ఆరకుండా చూస్తే వారంలో తేలిపోతుంది. ధ్రువీకరించిన విత్తనానికి ఉండవలసిన కనీస మొలక వరికి 80, కందికి, జొన్నకు 75, వేరుశనగకు 70, మిరపకు 60 శాతం. మీరు అంత పట్టింపుగా ఉండనవసరం లేదు. తక్కువ మొలిచే విత్తనమైతే ఆ సంఖ్యను పొట్లం మీద రాసి, ఆ మేరకు ఎక్కువ గింజలు ఇవ్వండి. దాచిపెట్టడం మాత్రం కూడదు.

మెట్టరైతు
జూన్ 6

మూడు ఇళ్ల మాట బాగుంది. ఎంచే ఇళ్లలో కౌలుకు చేసేవారిని ఒక్కరినే పెట్టకండి. మరుసటి ఏడాది ఆ చేను ఆయన చేతిలో ఉంటుందో లేదో ఆయనకే తెలియదు. మొలక శాతం రాయడం కూడా నాకు నచ్చింది. పోయిన ఏడు నేను డబ్బు పెట్టి కొన్న సంచి మీద కూడా ఒక అంకె ఉంది, నా చేలో మొలిచింది దానికి సగం. అడగడానికి వెళితే రసీదు అడిగారు.

గ్రంథాలయమిత్ర
జూన్ 12

ఆలస్యానికి మన్నించండి. చెప్పవలసినది చేతిలోకి వచ్చాక రాద్దామని ఆగాను.

మీరు రాసినవన్నీ ఒక కాగితం మీద ఎక్కించుకొని, ఏ ముఖం పెట్టుకొని పోవాలో తెలియకపోయినా, పచ్చజొన్న ఇచ్చిన అవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె విత్తనం నా చేతిలో పోయిందని చెప్పుకున్నాను. ఆమె పెద్దగా బాధపడినట్లు కనిపించలేదు. వంట గదిలోకి తీసుకుపోయి పొయ్యి పైన దూలానికి కట్టి ఉన్న గుత్తిని చూపించింది. పొగకు నల్లబడిన పదకొండు కంకులు. "నువ్వు అడిగినవని ఇచ్చిన గని, అన్నీ ఎట్లిస్త సారు?" అన్నది. నాకు ఇచ్చిన రెండు సోలలు ఆమె దగ్గర ఉన్నవన్నీ అని నేనే అనుకున్నాను, ఆమె ఎన్నడూ అలా చెప్పలేదు.

రెండు కంకులు ఇచ్చింది. చేటలో నలిపి, చెరిగి, నూరు గింజలు లెక్కపెట్టి గోనె గుడ్డలో చుట్టాను. పఠన మందిరానికి వచ్చే పోటీ పరీక్షల పిల్లలే రోజూ నీళ్లు చల్లారు, చివరికి వారే లెక్కపెట్టారు. 58 మొలిచాయి. ఏడాదిన్నర పొగలో వేలాడిన గింజకు ఇది తక్కువో ఎక్కువో శాస్త్రి గారు చెప్పాలి.

బీరువాలోని విత్తనాలన్నీ తీసేశాను. అందులో ఇప్పుడు పద్దు పుస్తకం, పొట్లాలకు కాగితాలు మాత్రమే ఉన్నాయి. విత్తనం ఇళ్లలోనే ఉంటుంది. ఏ రకం ఎవరింట్లో ఉందో, ఏ చేలో పండిందో, ఎన్ని మొలిచాయో పెద్ద అక్షరాలతో రాసి, పత్రికలు చదివే బల్ల ఎదుట గోడకు అంటించాం. ఈ ఏడాదికి ఏడు రకాలే. వేరుశనగ లేదు, సొర లేదు. నాగు రెండింతలు, పంట పోతే మరుసటి ఏడాదికి జరుగుతుంది. కొలిచేది సంక్రాంతి మరునాడు, మందిరం ముందు.

పచ్చజొన్నకు అవ్వ చెలక ఒకటి, మా తమ్ముడి నల్లరేగడి ఒకటి కుదిరాయి. మూడో ఇల్లు ఇంకా దొరకలేదు. ఒకరు ఒప్పుకున్నారు గాని ఆయన చేను పక్కనే తెల్లజొన్న వేస్తున్నారు, అడుగులు వేసి కొలిస్తే నూట ముప్పై మీటర్లు కూడా లేదు. రెండు వారాలు ఆలస్యంగా విత్తితే పూత కలవకుండా తప్పించవచ్చా?

విత్తనశాస్త్రి
జూన్ 12

పొగలో ఏడాదిన్నర తరువాత 58 అంటే అవ్వకు నా నమస్కారం చెప్పండి. ఇచ్చేటప్పుడు మామూలు కంటే రెట్టింపు గింజలు ఇవ్వండి.

పూత తేదీల విషయంలో, తెల్లజొన్న ఏ రకమో, ఎన్ని రోజులకు పూస్తుందో తెలిస్తే గాని చెప్పలేను. కాలపరిమితి ఇంచుమించు ఒకటే అయితే రెండు వారాల తేడా చాలావరకు పనిచేస్తుంది, కాని పునాసలో, అంటే వానాకాలపు పంటలో, అంత ఆలస్యంగా విత్తితే లేత మొక్కను తొలిచే మొవ్వు ఈగ బాధ ఉంటుంది. దానికంటే తేలిక దారి, ఆయన చేనులో తెల్లజొన్న వైపు ఉన్న సాళ్లను తిండికి వదిలేసి, దూరపు అంచున ఉన్న కంకులకు పూత రాకముందే కాగితం సంచులు తొడిగి కట్టించడం. యాభై సంచులు చాలు. మీ పోటీ పరీక్షల పిల్లలకు ఆ పని చెప్పండి. విత్తిన తేదీ ఇక్కడ రాయండి, సంచులు ఎప్పుడు తొడగాలో నేను చెబుతాను.